నిలకడకు ఎన్ని మార్కులు?

తెలుగులో ఆడదాని కాళ్ళ మీద ఉన్నన్ని తీర్పులు మరే అవయవం మీదా లేవేమో. బయట తిరిగే పిల్లను 'ఇంట్లో కాలు నిలవదు' అంటారు. ఇష్టపడినవాడితో వెళ్తే 'కాలు జారింది' అంటారు. మనసు మార్చుకుంటే 'నిలకడ లేని మనిషి' అంటారు. మెట్టినింట్లో మంచి జరిగినా చెడు జరిగినా అది కోడలి పాదం మహిమే. వీటికి జవాబుగా స్త్రీవాదులం ఎంచుకున్న మాట కూడా కాళ్ళదే: ఆడది తన కాళ్ళ మీద తాను నిలబడాలి. నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో పిహెచ్‌డి చేసింది స్త్రీల కథల మీద. నా సిద్ధాంత గ్రంథంలో ఈ మాట పేజీ విడిచి పేజీలో కనిపిస్తుంది. నిలబడటాన్ని నిజంగానే కొలుస్తారనీ, దానికి మార్కులు ఉంటాయనీ, ఆ మార్కుల మీద ఒక మనిషి బతుకుదెరువు ఆధారపడుతుందనీ మాత్రం మా చిన్నక్క జబ్బు వల్ల తెలిసింది.

జబ్బు పేరు మల్టిపుల్ స్క్లిరోసిస్. దీనికి తెలుగు పేరు స్థిరపడలేదు. ఆసుపత్రి వరండాల్లో అందరూ 'ఎమ్మెస్' అనే అంటారు. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే, మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల పోగుల మీద మైలిన్ అనే పొర ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దారి తప్పి ఆ పొరను దెబ్బతీస్తుంది. ఎక్కడ దెబ్బతిన్నదో దాన్నిబట్టి ఒకరికి చూపు మసకబారుతుంది, ఒకరికి కాలు మొద్దుబారుతుంది, ఒకరికి మాట తడబడుతుంది. చాలామందిలో వస్తూ పోతూ ఉంటుంది. నెలల తరబడి ఏమీ లేనట్టే ఉండి మళ్ళీ విరుచుకుపడుతుంది. ప్రపంచంలో 28 లక్షల మందికి ఈ జబ్బు ఉందని అంతర్జాతీయ ఎమ్మెస్ సమాఖ్య 2020లో లెక్కగట్టింది. వాళ్ళలో మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళు కనీసం రెండింతలు. ఎక్కువమందిలో ఇరవైకీ నలభైకీ మధ్య మొదలవుతుంది. అంటే పెళ్ళి, కాన్పులు, ఇంటి చాకిరీ, బయటి కూలి అన్నీ కలిసి మీదపడే వయసులోనన్నమాట.

మా చిన్నక్కది కోరుట్ల దగ్గరి ఊరు. ఇప్పుడు జగిత్యాల జిల్లా, అప్పుడు కరీంనగర్. బావ దుబాయిలో ఉంటాడు. అక్క బీడీలు చేస్తుంది. చాట ఒళ్ళో పెట్టుకుని, నేల మీద కాళ్ళు మడిచి కూర్చుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టడం ఆమె పని. 2013లో ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఒకరోజు తలకు పోసుకుంటూ, కుంకుడు రసం పడకుండా కళ్ళు గట్టిగా మూసుకుంది. అంతే, పక్కకు ఒరిగి పడింది. వారం తర్వాత మళ్ళీ అట్లాగే పడింది. ఫోన్ చేసి, "కండ్లు మూసుకుంటే నేనెక్కడున్ననో నాకే తెలుస్తలేదే చెల్లె" అంది. రాత్రి కరెంటు పోతే గోడ పట్టుకోకుండా అడుగు వేయలేకపోయేది. పగలు మాత్రం మామూలుగానే నడిచేది. వాళ్ళ అత్తకు అందుకే నమ్మకం కుదరలేదు. "దినమంత మంచిగుండి తానం కాడ్నే పడుతదా? పని తప్పిచ్చుకునేటందుకు ఏషాలు" అనేది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు నరాల వీక్‌నెస్ అని సూదులు వేశాడు. ఎవరో గాలి సోకిందన్నారు. కొండగట్టు ఆంజనేయస్వామి దగ్గర పదకొండు రోజులు నిద్ర చేయించారు. ఎమ్మారై తీయించి జబ్బు పేరు చెప్పేసరికి 2016 వచ్చింది.

ఆ మూడేళ్ళూ అక్క చెప్పిన మాట ఒక్కటే: కళ్ళు మూసుకుంటే పడుతున్న. ఆ మాటకు వైద్యశాస్త్రంలో చాలా పాత చోటు ఉందని నాకు తర్వాత తెలిసింది. బెర్లిన్ వైద్యుడు మోరిట్జ్ రోంబెర్గ్ 1840లలో నరాల జబ్బుల మీద పుస్తకం రాశాడు. వెన్నుపాము దెబ్బతిన్న మనిషిని పాదాలు దగ్గరపెట్టి నిలబెట్టి కళ్ళు మూసుకోమంటే తూలిపోతాడని అందులో వివరించాడు. ఇవాళ్టికీ నరాల డాక్టర్లు చేసే 'రోంబెర్గ్ పరీక్ష' ఇదే. మనిషి నిలబడటానికి మూడు సాక్ష్యాలు కావాలి. కన్ను చూసేది ఒకటి, లోపలి చెవి చెప్పేది ఒకటి, పాదాలూ కీళ్ళూ నేలను తాకి పంపే కబురు ఒకటి. వీటిలో ఒకటి పోయినా మిగతా రెండింటితో మెదడు సర్దుకుంటుంది. పాదాల కబురు తెగిపోయినవాళ్ళు కళ్ళతో నిలబడతారు. చీకటి పడ్డా, కళ్ళు మూసుకున్నా ఆధారం పోతుంది. పొద్దున మొహం కడుక్కుంటూ కళ్ళు మూసుకోగానే ముందుకు తూలుతున్నామని అప్పటి రోగులు చెప్పుకునేవారని వైద్య గ్రంథాలు రాస్తాయి. వాళ్ళది మొహం కడుక్కునే చోటు, మా అక్కది కుంకుడు రసం. ఆమె తనకు తెలియకుండానే తన జబ్బుకు సరైన పరీక్ష చేసుకుంది, దాని ఫలితం కూడా సరిగ్గానే చెప్పింది. ఆ మాటను విన్నవాళ్ళే లేరు.

ఆడదాని ఒంటి మాటను వినకపోవడానికి ఈ జబ్బు చరిత్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది. దీనికి విడిగా పేరుపెట్టి 1868లో ఉపన్యాసాల్లో వివరించినవాడు పారిస్‌లోని సల్పెట్రియేర్ ఆసుపత్రి వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో. సల్పెట్రియేర్ అప్పట్లో దిక్కులేని స్త్రీల ఆశ్రమం. షార్కో ఇంట్లో చేతులు వణికే ఒక పనిమనిషి ఉండేదనీ, ఆమె పగలగొట్టే పళ్ళాల ఖర్చు భరిస్తూనే ఏళ్ళ తరబడి ఆమెను గమనించాడనీ, చనిపోయాక ఆమె మెదడులోనూ వెన్నుపాములోనూ గట్టిపడిన మచ్చలు చూశాకే ఆ వణుకుకు అసలు కారణం తేలిందనీ ఫ్రాయిడ్ 1893లో షార్కోకు నివాళిగా రాసిన వ్యాసంలో ఉంది. తర్వాతి ఏళ్ళలో అదే షార్కో, అదే ఆసుపత్రిలో, హిస్టీరియా ఉందన్న స్త్రీలను సభికుల ముందు నిలబెట్టి ప్రదర్శించి పేరు తెచ్చుకున్నాడు. ఒకే కప్పు కింద పడిపోతున్న స్త్రీలకు రెండు పేర్లు. ఒకటి మచ్చ కనిపించినవాళ్ళకు, రెండోది కనిపించనివాళ్ళకు. ఆ మచ్చ కనిపించాలంటే చనిపోవాలి. ఇప్పుడు చావు బదులు ఎమ్మారై ఉంది, అంతే తేడా. కోరుట్ల నుంచి ఆ యంత్రం దాకా చేరడానికి మూడేళ్ళు పట్టింది.

నేను ఆదిలాబాద్‌లో డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరాక ఇంకొకామె పరిచయమైంది. జిల్లా లోపలి ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. ఆమెకూ ఎమ్మెసే. మందుల కోసం పట్నం పోయేటప్పుడు రెండు మూడుసార్లు కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో కలిసి ప్రయాణం చేశాం. ఆమెకు చిన్నమెదడు దగ్గర దెబ్బ. అందుకని కాళ్ళు ఎడంగా పెట్టి, అటూ ఇటూ ఊగుతూ నడుస్తుంది. జబ్బు బయటపడకముందు ఊళ్ళో అందరూ ఆమె తాగి వస్తోందన్నారు. పై అధికారి ఒకరు పిల్లల ముందే నోరు వాసన చూపించమన్నారట. మగవాడు తూలితే 'పాపం, ఏదో కష్టంలో తాగిండు' అంటారు. ఆడది తూలితే ఉద్యోగానికే ముప్పు. పిల్లల బరువులు తూచి రిజిస్టర్లో రాసే మనిషిని ఊరంతా ఇంకో రకం తూకం వేసింది. ఒక రాత్రి రైలు బాగా ఊగుతుంటే, బెర్తులు పట్టుకుని తూలుతూ వచ్చేవాళ్ళను చూసి ఆమె నవ్వింది: "చూడున్రి మేడం, ఈడ అందరు నా లెక్కనే నడుస్తున్నరు. ఎవల్ని ఎవలు ఏమంటలేరు."

జబ్బు పేరు తెలిశాక కొలతలు మొదలయ్యాయి. అక్కను పంపిన ఫిజియోథెరపీ విభాగంలో బెర్గ్ స్కేల్ అనే పద్ధతి వాడారు. కెనడాలో కేథరిన్ బెర్గ్ 1989లో తయారుచేసిన పద్ధతి అది. పద్నాలుగు పనులు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 56. కుర్చీలోంచి లేవడం, ఆసరా లేకుండా నిలబడటం, కళ్ళు మూసుకుని నిలబడటం, చేయి ముందుకు చాచడం, నేల మీది వస్తువు తీయడం, చుట్టూ తిరగడం, ఒంటికాలి మీద నిలబడటం వంటివి. ఇంకోటి 1991 నాటిది. చేతులున్న కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. అక్కకు బెర్గ్ స్కేల్ మీద 52 వచ్చాయి. "మంచిగనే ఉన్నదమ్మా" అన్నారు. ఆ వారంలో ఆమె మూడుసార్లు పడింది.

ఇది మా అక్క ఒక్కదాని సంగతి కాదు. ఆస్ట్రేలియా, స్వీడన్, బ్రిటన్, అమెరికాల్లో 537 మంది రోగుల వివరాలు కలిపి చూసిన అధ్యయనం ఒకటి 2015లో అచ్చయింది. మూడు నెలల్లో వాళ్ళలో 56 శాతం మంది కనీసం ఒకసారి పడ్డారు. బెర్గ్ స్కేలు ముసలివాళ్ళ కోసం పుట్టింది. జబ్బు తొలిదశలో ఉన్న ఎమ్మెస్ రోగులకు అందులో దాదాపు అన్ని మార్కులూ వచ్చేస్తాయనీ, ఎవరు పడతారో అది సరిగా పసిగట్టలేదనీ ఆ రంగంలోవాళ్ళే రాశారు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నేను ఈ ప్రశ్నాపత్రాలను కథలు చదివినట్టే చదివాను. ప్రతి రచనకూ మనసులో ఒక పాఠకుడు ఉంటాడు. ప్రతి పరీక్షకూ మనసులో ఒక ఒళ్ళు ఉంటుంది. పడిపోతానన్న భయం ఎంతుందో కొలిచే పదహారు ప్రశ్నల పట్టిక ఒకటి 1995 నుంచి వాడుకలో ఉంది. కారు ఎక్కి దిగగలవా, పార్కింగ్ స్థలం దాటగలవా, జనంతో నిండిన మాల్‌లో నడవగలవా, చేతిలో సామాన్లతో ఎస్కలేటర్ ఎక్కగలవా, మంచు గడ్డకట్టిన బాట మీద నడవగలవా? ఇల్లు ఊడ్వగలవా అన్న ప్రశ్న కూడా ఉంది. కానీ ఆ చీపురు నిలబడి ఊడ్చేది. మన చీపురు నడుం వంచితే తప్ప నేలకు తగలదు. వంగి, తల కిందికి పెట్టి, వెనక్కి అడుగులు వేస్తూ వాకిలి ఊడ్చే నిలకడకు ఆ కాగితాల్లో పేరు లేదు.

చేతిలో పనితో నడవగలరో లేదో చూడటానికి నీళ్ళ గ్లాసు పట్టుకుని నడిపించే పరీక్ష 1998లో వచ్చింది. మా ఊళ్ళలో నీళ్ళు గ్లాసుతో రావు, చంకలో బిందెతో వస్తాయి. పాదం వెనక పాదం పెట్టి నిలబడమంటారు. మా వైపు అది వరి మడి ఒడ్డు మీద, నెత్తి మీద గడ్డిమోపుతో చేసే పని. బెర్గ్ స్కేల్లో కుర్చీ ఉంది, నేల లేదు. బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవడం, దొడ్డికి గొంతుక్కూర్చుని లేవడం అందులో ఎక్కడా కనిపించవు. నేల మీద కూర్చుని లేచే తీరుకు మార్కులు వేసే పద్ధతిని బ్రెజిల్ వైద్యుడు క్లౌడియో జిల్ అరౌజో తయారుచేశాడు. అంటే కొలవడం అసాధ్యమేమీ కాదు.

ఎండ సంగతి మరీ ముఖ్యం. ఒళ్ళు వేడెక్కితే ఈ జబ్బు లక్షణాలు ముదురుతాయి. ఒంటికి శ్రమ కలిగితే ఈ రోగులకు కాసేపు చూపు మసకబారుతుందని జర్మన్ కంటివైద్యుడు ఊటాఫ్ 1890లోనే గమనించాడు. ఎమ్మారై రాకముందు అనుమానం ఉన్న రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి చూసేవారు కూడా. మే నెలలో ఆదిలాబాద్‌లో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి లేచి నిలబడే మనిషికీ, పొద్దున పదింటికి ఏసీ గదిలో నిలబడే మనిషికీ పేరు ఒకటే, నిలకడ ఒకటి కాదు.

ఈ జబ్బు తీవ్రతకు ప్రపంచమంతా వాడే కొలమానం ఇంకొకటుంది. అమెరికాలో మాజీ సైనికులకు వైద్యం చేసిన జాన్ కర్ట్‌స్కే 1955లో మొదట తయారుచేసి 1983లో విస్తరించినది. సున్నా నుంచి పది దాకా ఉంటుంది. మధ్య మెట్లు దాదాపు అన్నీ ఆగకుండా ఎన్ని మీటర్లు నడవగలవు అన్న దాని మీదే. ఆడవాళ్ళకు ఎక్కువగా వచ్చే జబ్బుకు ప్రధానమైన కొలత సైనికుల ఆసుపత్రుల్లో మొదలై, నడక దూరంగా మిగిలింది. మా అక్కకు దూరం నడవాల్సిన పని లేదు. ఇంట్లోనే నూరుసార్లు లేచి నూరుసార్లు కూర్చోవాలి.

అట్లాగని కొలతలే వద్దనడం లేదు. సంఖ్య లేకపోతే ఆరు నెలల కిందటికీ ఇప్పటికీ తేడా తెలియదు. మందు పనిచేస్తోందో లేదో, ఏ వ్యాయామం నేర్పాలో తెలియదు. పైగా నిలకడ పరీక్షల చరిత్రలో స్త్రీల పేర్లే ఎక్కువ: కేథరిన్ బెర్గ్, మేరీ టినెటీ, డయాన్ పొడ్సియాడ్లో, ఆన్ షమ్‌వే కుక్, ఫే హొరాక్. బెర్గ్ తన పద్ధతిని తయారుచేసింది ముసలివాళ్ళనూ, వాళ్ళకు వైద్యం చేసేవాళ్ళనూ అడిగి అడిగి. నాకు ఆ పద్నాలుగు పనుల కన్నా ఆ అడగడమే గొప్పగా తోచింది. బెర్గ్ తన ముందున్న మనుషులను అడిగింది. మన ముందున్న మనుషులను మనం అడగలేదు. వాళ్ళ జవాబులనే మన ఒంటి మీద పరిచి కొలుస్తున్నాం.

ఈ తేడా కాగితం మీద చర్చగా ఆగిపోదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఎమ్మెస్ పేరు లేదు. 2016 చట్టం 21 వైకల్యాల జాబితాలో దాన్ని చేర్చింది. అదొక పెద్ద గెలుపు. కానీ రిజర్వేషన్‌కైనా పింఛనుకైనా నలభై శాతం ఉండాలి. 2019లో అక్కను సదరం శిబిరానికి తీసుకుపోయాం. ఆ వారం ఆమె బాగుంది. చలికాలం, పొద్దుటి పూట. నిలబడమన్నారు, నిలబడింది. నడవమన్నారు, నడిచింది. ముప్పై శాతం రాశారు. బయటికి వచ్చాక అక్క అంది: "కొద్దిగ పడి సూపిస్తే అయిపోవు." మూడేళ్ళు నాటకమాడుతోందన్న మనిషికి, నాటకమాడనందుకు పింఛను రాలేదు.

అప్పుడే అక్క ఒక పని మొదలుపెట్టింది. బీడీల లెక్క రాసుకునే పుస్తకంలో వెనక పేజీల నుంచి తన పడిన లెక్క రాసింది. 'పొద్దుగాల, చాట కాడ లేవంగ. ఎడమ దిక్కు.' 'రాత్రి, కరెంటు లేదు, గడప.' 'బతుకమ్మ కాడ తిరుగుతుంటే కండ్లు తిరిగినయి, వదిన పట్టుకున్నది.' 'తానం, కండ్లు మూసుకున్న.' మూడు నెలల్లో పంతొమ్మిది సార్లు. విదేశాల్లో పరిశోధకులు రోగుల చేత డైరీలు రాయించే పద్ధతి ఇదేనని ఆమెకు తెలియదు. నాన్సీ మెయిర్స్ అనే అమెరికన్ స్త్రీవాద రచయిత్రికి కూడా ఎమ్మెసే. 1986లో అచ్చయిన తన ప్రసిద్ధ వ్యాసాన్ని ఆమె పాయిఖానాలో వెనక్కి పడిపోయిన సంగతితోనే మొదలుపెట్టింది. తన ఒంటికి తానే ఎంచుకున్న కటువైన మాటతో పేరుపెట్టింది. అక్క పుస్తకం చూసినప్పుడు నాకు ఆ వ్యాసం గుర్తొచ్చింది. ఇద్దరూ పడటాన్ని సిగ్గుపడాల్సిన విషయంగా కాక చెప్పాల్సిన విషయంగా రాశారు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచీ చదివింది. చదివాక చేయించే పనులు మారాయి. తానం చేసే చోట సిమెంటు గద్దె, గోడకు ఇనుప కడ్డీ పెట్టించమంది. గడప దగ్గర చార్జింగ్ లైటు. బీడీలకు కూర్చునేది గుంజ పక్కన. నేల మీద నుంచి లేచేటప్పుడు ముందు మోకాలి మీదికి, తర్వాత గుంజ పట్టుకుని పైకి. మధ్యాహ్నం ఎండకు తలమీద తడిగుడ్డ. తర్వాతి మూడు నెలల్లో పడింది ఏడుసార్లు. 2022లో రెండోసారి పరీక్షకు పోయినప్పుడు మరో డాక్టరు ఆ పుస్తకం తిరగేసి, నేల మీద కూర్చుని లేవమన్నాడు. పట్టుకోవడానికి ఏమీ లేని చోట ఆమె లేవలేకపోయింది. నలభై రెండు శాతం వచ్చింది. పుస్తకాన్ని జతచేద్దామంటే ఫారంలో దానికి గడి లేదన్నారు.

ఆ గడి కావాలి. అందులో ఏం రాయాలో అక్కా, అంగన్‌వాడీ టీచరూ ఫోన్లో మాట్లాడుకుని నాకు చెప్పారు, నేను రాసిపెట్టాను. కళ్ళు మూసుకుని తలకు పోసుకోగలవా? దీపం లేకుండా గడప దాటగలవా? నేల మీద నుంచి దేన్నీ పట్టుకోకుండా లేవగలవా? వంగి వాకిలి ఊడ్చి లేస్తే తల తిరుగుతుందా? చంకలో బిడ్డతోనో బిందెతోనో ఎన్ని అడుగులు వేయగలవు? కదిలే బస్సు ఎక్కగలవా? మధ్యాహ్నం ఎట్లుంటది? పడ్డప్పుడు ఇంట్లోవాళ్ళు ఏమంటారు? ఈ చివరి ప్రశ్న టీచరమ్మది. అది నిలకడ కిందికి వస్తుందా అని నేను అడిగితే, "తిడ్తరని భయమైతే తొందర తొందర నడుస్త. గప్పుడే పడుత" అంది.

కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ ఇప్పుడు వైద్య కళాశాలలున్నాయి. వాటిలో చదువుకునే అమ్మాయిలు చాలామంది ఇట్లాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. వాకిలి ఊడ్వడం, చాట ముందు కూర్చోవడం వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఎవరైనా ఈ ఎనిమిది ప్రశ్నలను తీసుకుని, తప్పుంటే దిద్ది, యాభై మంది స్త్రీలను అడిగి, పడిన లెక్కలతో పోల్చి చూస్తే అదొక మంచి పరిశోధన అవుతుంది. ఇక గోడ పట్టుకుని, కడ్డీ పట్టుకుని, వదిన చేయి పట్టుకుని నిలబడటం కూడా నిలబడటమేనని ఒప్పుకోవాల్సిన పని రాసేవాళ్ళం మనది.